పదిహేను కిలోల సముద్రం

ఆడవాళ్లు ప్రయాణానికి సామాను సర్దడం మీద మగవాళ్లు వేసిన జోకులన్నీ ఒకచోట చేరిస్తే, ఆ పుస్తకాన్ని మొయ్యడానికే ఒక కూలీ కావాలి. మూడు రోజుల పెళ్లికి ముప్పై చీరెలా అని నవ్వుతారు గాని, ఆ పెట్టెలోనే వాళ్ల బనీన్లూ, పిల్లల దగ్గు మందూ, అత్తగారి జపమాలా, దారిలోకి పులిహోరా, పులిహోర తిన్నాక చేతులు తుడుచుకునే గుడ్డా ఉన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మన సామానులో నిజంగా మనది ఎంత? నన్నడిగితే పావు వంతు. మిగతా ముప్పావూ ‘ఎందుకైనా మంచిది’ అనే అమ్మవారి ఖాతాలోకి పోతుంది.

ఆ అమ్మవారి మహిమ రైలుబండి దాకానే. విమానాశ్రయంలో ఆవిడ పప్పులుడకవు. దేశం లోపల తిరిగే విమానాల్లో మామూలు టిక్కెట్టుకు సాధారణంగా పెట్టెలో 15 కిలోలు, చేతిసంచీలో 7 కిలోలు. ఆపైన కిలోకింత అని కట్టవలసిందే. ఆ లెక్కలోనే బట్టలతో పాటు సముద్రం అడుగుకు దిగడానికి కావలసిన సరంజామా కూడా సర్దమంటే ఎలా వుంటుందో ఊహించండి. మొన్న సంక్రాంతికి చొప్పదండిలో మా అన్నయ్యగారి ఇంట్లో జరిగిన పని అదే. దాన్ని గురించే ఈ నాలుగు ముక్కలూ.

చొప్పదండి ఎక్కడ, సముద్రం ఎక్కడ అని మీరు అడగవచ్చు. న్యాయమే. కరీంనగర్ దాటి వరిపొలాల మధ్య వున్న మా ఊరినుంచి ఏ సముద్రం చూడాలన్నా ఒక రాత్రి ప్రయాణం చెయ్యాలి. మాకు తెలిసిన నీళ్లు బావి, చెరువు, కాలువ. నీళ్ల అడుగుకు దిగిన మహానుభావుల్లో మాకు తెలిసినవాడు దుర్యోధనుడొక్కడు. జలస్తంభన విద్యతో మడుగులో దాక్కున్నాడాయన. పోయినవాడు ఊరికే పోక గదను వెంటబెట్టుకు పోయాడు. తేలికపాటి సామాను ఎంచుకోవడం ఆయనకు తెలిసినట్టు లేదు. ఇక పేపర్లో అప్పుడప్పుడూ కనబడేవాళ్లు గజ ఈతగాళ్లు. దిగువ మానేరులోనో, ఏ కాలువలోనో ఎవరైనా గల్లంతయినప్పుడు వాళ్లను పిలుస్తారు. ముక్కుకు గొట్టం లేకుండా, ఒక్క ఊపిరితో మునిగి వెతుకుతారు. అంచేత మా వైపు నీళ్లలో మునగడం అనే మాటకు సరదా అనే అర్థం ఎన్నడూ లేదు.

మా ఇంట్లో అయితే మరీను. అమ్మ చెల్లెలు, అంటే నేను చూడని మా చిన్నమ్మ, పదకొండేళ్లప్పుడు బావిలో పడిపోయింది. బిందె జారితే పాతాళ గరిగె కోసం పక్కింటికి పోయే ఓపిక లేక, మెట్లు దిగి చెయ్యి చాచిందట. పక్కన ఎవరూ లేరు. ఇల్లంతా వెతికాక గాని బావివైపు ఎవరూ చూడలేదు. అమ్మ ఈ కథను జీవితంలో రెండుసార్లే చెప్పింది. రెండుసార్లూ నాలుగు వాక్యాలకు మించలేదు.

అయినా బాపు నాకు ఎనిమిదేళ్లప్పుడు పొలంకాడి బావిలో ఈత నేర్పించాడు. ‘ఈత రాకనే గదా పాపం ఆ పిల్ల పోయింది’ అనేవాడు. నడుముకు ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు కట్టి దింపేవాడు. వారానికి ఒక బుర్ర తీసేశాడు, మరో వారానికి రెండోదీ తీసేశాడు. నేను తేలుతూనే వున్నాను. ఆ బుర్రల బరువెంతని? గుప్పెడు. లోకంలో అంతకంటే తేలికపాటి ఈత సరంజామా ఇంకొకటి లేదని నేను పందెం కాస్తాను. పన్నెండేళ్లు రాగానే ‘పెద్దపిల్లవైతున్నవ్’ అని అమ్మ ఆ ముచ్చట కట్టిపెట్టించింది. మనసులో కారణం అది కాదని ఇప్పుడు తెలుస్తుంది.

మా మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగం. రెండేళ్ల కింద స్నేహితురాళ్లతో అండమాన్ పోయి, స్కూబా కోర్సు చేసి వచ్చింది. స్కూబా అంటే మరేం లేదు, మన ఊపిరిని మనమే వీపున మోసుకుని నీళ్లలోకి పోవడం. ఈసారి, “అత్తమ్మా, నువ్వు రావాలె. నీకు ఈతొచ్చు. ఇంకేం గావాలె?” అని పట్టుబట్టింది. నలభై ఆరేళ్ల మనిషిని, చత్వారం కళ్లజోడు, నవలలు రాసి రాసి పట్టేసిన మెడ. “నీళ్లలో మెడకు బరువుండదు,” అంది. ఆ ఒక్క మాటకు లొంగిపోయాను. మావారు, “మంచిది, కనీసం అక్కడ మాట్లాడలేవు,” అని దీవించారు. డాక్టరుగారు గుండె, ఊపిరితిత్తులు, చెవులు, రక్తపోటు చూసి సంతకం పెట్టారు. మిగిలింది సామాను, అమ్మా.

సంక్రాంతి నాడు మధ్యాహ్నం, అరుగు మీద సకినాలు ఆరబెట్టిన బట్ట పక్కన మేనకోడలు తన సరంజామా అంతా పరిచింది. పక్కింటి పత్తి వ్యాపారి దగ్గరనుంచి అన్నయ్య కొక్కెం కాంటా తెచ్చాడు. ఒక్కొక్క వస్తువును తగిలించడం, చదవడం, నేను నోటుబుక్కులో రాయడం. అమ్మ స్తంభానికి ఆనుకుని చూస్తోంది.

మొట్టమొదట అమ్మే అడిగింది. “గాలి సీసా ఏదే?”

తీసుకుపోవడం లేదని చెప్పాను. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండరు ఖాళీదే 14 కిలోల పైచిలుకు. మన వంటింటి సిలిండర్లో గ్యాసు 14.2 కిలోలు కదా, సరిగ్గా అలాంటి లెక్కే. దాన్నొక్కదాన్ని పెడితే పెట్టెలో ఇక చేతిరుమాలుకు కూడా చోటుండదు. పైగా గాలి నింపిన సిలిండరును విమానం ఎక్కనివ్వరు. అందుకని లోకంలో ఏ డైవరూ మామూలుగా సిలిండరు మొయ్యడు. ఎక్కడ దిగితే అక్కడే అద్దెకు తీసుకుంటాడు.

“పరాయి సీసాల గాలి ఎట్ల నమ్ముతరు?” అంది అమ్మ.

చూశారా, ప్రశ్నంటే అదీ! కోర్సు పుస్తకంలో ఈ సంగతి చాలా పేజీల తర్వాత గాని రాదు. మేనకోడలు ఓపికగా చెప్పింది. సిలిండరు మెడ దగ్గర దాన్ని ఎప్పుడు పరీక్ష చేశారో తారీకు చెక్కి వుంటుంది, చూసుకోవాలి. మీటరులో ముల్లు 200 దగ్గర వుండాలి. గాలి పీల్చి చూడాలి, నూనె వాసన గాని పొగ వాసన గాని వస్తే వద్దనాలి. అమ్మ తల ఊపింది. పాలవాడి దగ్గర పాలు చూసుకున్నట్టేనన్నమాట.

తరువాత రెగ్యులేటరు. ఇత్తడి ముడి, దానికి నల్ల గొట్టాలు, గొట్టాల చివర నోట్లో పెట్టుకునే మూతులు. దాన్ని చూసి అమ్మ, “గిది గ్యాసుపొయ్యికి పెట్టేది గాదూ?” అంది. నవ్వాను గాని, అందులో నిజం లేకపోలేదు. వెనకటి రోజుల్లో నీళ్లలో దిగేవాళ్లు రాగి శిరస్త్రాణం, సీసపు బూట్లు వేసుకుని, పైన పడవలోనుంచి గొట్టంతో గాలి కొట్టించుకుంటూ దిగేవారు. ఆ వేషం 80 కిలోలు దాటేది. 1943లో ఫ్రాన్స్‌లో నావికాదళపు జాక్ కూస్తోకు ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు తోడయ్యాడు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాసుతో నడిపిస్తుంటే, అందుకోసం తయారు చేసిన రెగ్యులేటరు ఒకటి గన్యాన్ దగ్గర వుంది. పీల్చినప్పుడే, పీల్చినంతే గాలి వదిలేటట్టు దాన్ని మార్చారు. 80 కిలోల వేషం పోయి, మనిషి చేపలా ఈదడం మొదలైంది. అంటే తేలిక సరంజామా కథ నిన్నా మొన్నటిది కాదు. స్కూబా పుట్టిందే బరువు దించుకోవడానికి.

ఆ రెగ్యులేటరు, గొట్టాలు, మీటరు కలిపి మామూలుది 3 కిలోలుంటుంది. మేనకోడలిది ప్రయాణాల కోసమని చేసిన తేలిక రకం, కాంటా మీద 2 కిలోలు. దాన్ని పెట్టెలో వెయ్యలేదు. ఊపిరి దానిమీదే ఆధారపడి వుంటుంది గనుక, పెట్టెలు విసిరేసేవాళ్ల చేతికి ఇవ్వకూడదని చేతిసంచీలో పెట్టింది. నాకు మాత్రం కొనవద్దంది. ఏడాదికోసారి మునిగే మనిషి రెగ్యులేటరు కొంటే, మునిగినా మునక్కపోయినా దానికి సర్వీసు ఖర్చు తప్పదు. అద్దెదే మేలు.

అన్నట్టు, ఈ సరుకుల ధరల్లో ఒక విడ్డూరం వుంది. బంగారం తూకం పెరిగితే ధర పెరుగుతుంది. ఇక్కడ తూకం తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది! గాలి ఊదే జాకెట్టు, దాన్నే బీసీడీ అంటారు, మామూలుది 4 కిలోలు. ప్రయాణపు రకం చాపలా చుట్టుకునేది, రెండున్నర కిలోలు. ఆ కిలోన్నర తగ్గడానికి ఇచ్చే డబ్బుతో ఎన్ని ప్రయాణాలకు జాకెట్టు అద్దెకు తెచ్చుకోవచ్చో మేనకోడలు లెక్కగట్టింది. ఏటా నెలల తరబడి మునిగేవాళ్లకు కొనడం లాభం. మనవంటివాళ్లకు అద్దె లాభం. కాకపోతే అద్దె జాకెట్టు మన ఒంటి కొలతకు సరిపోవాలి. భుజాల దగ్గర వదులైతే నీళ్లలో సిలిండరు ఒకవైపుకు ఒరుగుతుంది. ఆడవాళ్ల కొలతలకు కుట్టినవి కూడా వున్నాయి, అడిగి తీసుకోవాలి. అడగడానికి మనకు సిగ్గు, ఇవ్వడానికి వాళ్లకు బద్ధకం, మధ్యన నష్టపోయేది మనం.

కాళ్లకు వేసుకునే రెక్కలు, ఫిన్స్, పొడుగువి జత రెండున్నర కిలోలు. పైగా పెట్టెలో అడ్డంగా పట్టవు, నిలువుగా పట్టవు. పొట్టిరకం కిలోన్నర. అది కూడా మేనకోడలికే. నాకు అద్దెవి, మడమలు ఒరుసుకోకుండా మేజోళ్లు మాత్రం సొంతం. చలి ఆపే రబ్బరు సూటు 2 కిలోలు. అయితే అండమాన్ నీళ్లు జనవరిలో కూడా 27, 28 డిగ్రీలుంటాయి. పలుచటి లైక్రా సూటు అర కిలో లోపు. ఎండకు, గీతలకు అది చాలు. చలి ఎక్కువయ్యేవాళ్లకు రబ్బరు సూటు అక్కడే దొరుకుతుంది.

మా వదిన ఆ లైక్రా సూటు ఎత్తి చూసి, “ఇది ఒంటికి అతుక్కపోతది గదా,” అంది నీరసంగా.

“నీళ్లల్ల చేపలు తప్ప ఎవరు చూడరమ్మా,” అంది కూతురు.

అసలు సంగతి మాస్కు. సముద్రంలోకి పోయేవాళ్లు ఒక్క వస్తువే కొనుక్కోవాలంటే అది మాస్కే కొనుక్కోవాలి. తూకం పావు కిలో కూడా వుండదు. అద్దెకు దొరుకుతుంది గాని, ఎవరి ముఖానికో సరిపోయింది మన ముఖానికి సరిపోదు. కొనేటప్పుడు పరీక్ష చాలా సులువు. పట్టీ తలకు తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి, చేతులు వదిలెయ్యాలి. పడిపోకుండా అతుక్కుని వుంటే అది మీది. ఒక్క వెంట్రుక అంచు కింద ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. హైదరాబాదులో కొట్టువాడు నాకు ఆరు మాస్కులు తగిలించి చూపించాడు. ఆరూ జారిపడ్డాయి. తప్పు మాస్కులది కాదు, నా ముక్కుపుడకది. అది తియ్యగానే రెండోది గట్టిగా పట్టుకుంది. ముక్కుపుడక, చెవుల లోలాకులు, మెడలో గొలుసు ఇంటి దగ్గరే వుంచి పోవడం మంచిది. జడ కూడా బిగించి అల్లుకోవాలి. పట్టీకి వెంట్రుకలు చిక్కకుండా గుడ్డ తొడుగు ఒకటి అమ్ముతారు. పాత బ్లౌజుపీసుతో నేనే కుట్టుకున్నాను.

నా చత్వారానికి మాస్కులోనే అద్దాలు వేయించుకున్నాను. నీళ్లలో వస్తువులు కొంచెం పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయన్నది నిజమే గాని, మీటరులో అంకెలు కనబడాలంటే అది చాలదు. గాలి ఎంత మిగిలిందో చదువుకోలేని మనిషికి తేలిక జాకెట్టు వుండీ ఏం లాభం? కొత్త మాస్కు అద్దానికి కనపడని జిడ్డుపొర వుంటుంది, అది వుంటే లోపల ఆవిరి పడుతుంది. టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగాలి. ఆ పని మాత్రం అమ్మకప్పగించాము. ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది.

చేతి గడియారంలా వుండే డైవ్ కంప్యూటరు నూరు గ్రాములు. ఎంత లోతున ఎంతసేపు వున్నదీ, ఇంకా ఎంతసేపు వుండవచ్చో అది చెబుతుంది. పైకి తేలినప్పుడు పడవవాడికి కనబడేటట్టు ఊదే నారింజరంగు గొట్టం, ఈల. అవి రెండూ సొంతం. టార్చి సరే గాని, దాని లిథియం బ్యాటరీలు విడిగా తీసి చేతిసంచీలో పెట్టాలి. చాకు వుంటే అది పెట్టెలో వెయ్యాలి, చేతిసంచీలో వుంటే విమానాశ్రయంలోనే వుండిపోతుంది. పెట్టె కూడా సామానే. చక్రాలున్న గట్టి పెట్టె ఖాళీగానే 4 కిలోలు తూగింది. దాన్ని పక్కనబెట్టి గుడ్డ సంచి తీసుకున్నాము.

అమ్మకు మెల్లగా ఈ తూకాల పిచ్చి పట్టుకుంది. ముందు అన్నీ పెట్టమన్న మనిషి, ఇప్పుడు అన్నీ తియ్యమనడం మొదలుపెట్టింది. ఈల ఎందుకు, నోరు లేదా అంది. రెండు తువ్వాళ్లెందుకు అంది. అలా చూసి చూసి రెగ్యులేటరు మీద చెయ్యి వేసింది. “నోరు ఒక్కటే గదా. మూతులు రెండెందుకే? ఆ పచ్చది తీసెయ్.”

నల్ల మూతి మనం పీల్చేది. పసుపుపచ్చది అందరికీ కనబడే రంగులో, కాస్త పొడుగు గొట్టంతో వుంటుంది. మేనకోడలు తలెత్తకుండానే చెప్పింది. “అది నాకు గాదు బాపమ్మా. పక్కనున్నోళ్లకు. వాళ్ల గాలి అయిపోయిందనుకో, చెయ్యి సాపి నా దగ్గరున్నది గుంజుకుంటరు. ఇద్దరం ఒక్క సీసాతోనే మీదికొస్తం. నీళ్లల్లకు ఒక్కరే పోరు. ఎప్పుడైనా ఇద్దరు.”

అమ్మ ఏమీ అనలేదు. ఆ పచ్చ మూతిని చేతిలోకి తీసుకుని, అటు ఇటు తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. గొట్టంతో కలిపి అర కిలో కూడా లేదది. మా వదిన ఏదో అనబోతే నేను కళ్లతో వారించాను.

“ఇద్దరు పోతరా,” అంది చివరికి. “పక్కదానికి గూడ గాలి పెట్టుకొని పోతరా.”

“అవు బాపమ్మా.”

“అయితే ఇది తియ్యకుండ్రి. ఏదన్న తియ్యిండ్రి, ఇది తియ్యకుండ్రి.”

ఆ మాట అని లేచి లోపలికి పోయింది. తిరిగివచ్చినప్పుడు కళ్లు కడుక్కుని వచ్చిందని తెలుస్తూనే వుంది. చేతిలో సకినాల డబ్బా, నాలుగు ఎండుకొబ్బరి కుడుకలు. కుడుకలు విమానంలో పనికిరావు, నూనె వల్ల అంటుకునే సరుకని వాటి మీద నిషేధం వుంది. అవి వాపసు పోయాయి. సకినాలు విరగకుండా మాస్కు డబ్బా పక్కన చేతిసంచీలోకి చేరాయి. తుది తూకం నా సంచి 9 కిలోలు, మేనకోడలిది 12. ఇద్దరి బట్టలతో సహా! మా అన్నయ్య కాంటాను రెండుసార్లు కొట్టి చూశాడు, పాడైందేమోనని.

ఇక్కడ నాకు అర్థమైంది చెబుతాను. తేలికగా ప్రయాణం చెయ్యడమంటే తేలిక వస్తువులు కొనడం కాదు. పోయేచోట దొరికేది మొయ్యకపోవడం. ముఖానికి, కంటికి, ఊపిరికి తగిలేది మాత్రం మనది వుండాలి, లేదా మన చేత్తో పరీక్షించుకున్నదై వుండాలి. మూడోది, పక్కమనిషి కోసం మోసే బరువు వుందే, దాన్ని మాత్రం ఎన్నడూ తగ్గించకూడదు. ఆడవాళ్లం మొదటి రెండూ తెలియక పెట్టెలు నింపుతాము గాని, మూడోది మనకెవరూ నేర్పనక్కర్లేదు.

చెన్నై మీదుగా, 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిరు చేరి, అక్కడినుంచి పడవలో స్వరాజ్ ద్వీప్ చేరుకున్నాము. 2018 దాకా దాన్నే హావ్‌లాక్ అనేవారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఏనాడో వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు ఆ దీవుల్లో చాలామంది. రేవులో ఒకావిడ నా మాట విని, “తెలంగాణావోళ్లా?” అని పలకరించి టీ ఇప్పించింది. సముద్రానికి భయపడవద్దని, సముద్రం భయపడేవాళ్లనే బాగా చూసుకుంటుందని చెప్పింది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

నలభై ఆరేళ్లకు మళ్లీ విద్యార్థిని అయ్యాను. 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు ఊరికే తేలడం, రాతపరీక్ష. ఈతలో చొప్పదండి బావి పరువు నిలబెట్టాను. మొదటి సూత్రం, ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. ఊపిరి పట్టుకుని పైకి వస్తే లోపలి గాలి ఉబ్బి ప్రమాదం. ఆడపిల్లకు చిన్నప్పటినుంచీ ఊపిరి బిగబట్టి బతకడం నేర్పే దేశంలో, ఈ సూత్రం ఒంటబట్టడానికి నాకు ఒక పూట పట్టింది.

ఇంకొక వింత. విమానం కోసం ఒక్కొక్క గ్రామూ తగ్గించుకు వచ్చినదాన్ని కదా, అక్కడ పడవలో నా నడుముకు 4 కిలోల సీసం కట్టారు! బరువు లేకపోతే మనిషి మునగడు. మనిషిని బట్టి, సూటును బట్టి ఎంత సీసమో నీళ్లలో దిగి తేలి చూసి నిర్ణయిస్తారు. సీసం అద్దెలోనే కలిసి వుంటుంది, ఎవరూ ఇంటినుంచి మొయ్యరు. చిన్నప్పుడు తేలడానికి బుర్రలు కట్టుకున్న నడుముకు ఇప్పుడు మునగడానికి సీసం. కింద మాత్రం రెండూ లేనట్టే. పైకి తేలక, కిందికి జారక, పగడపు దిబ్బల మీద నిలబడ్డట్టు ఆగిపోతాము. నా మెడ నొప్పి ఏమైందో తెలియదు. రంగురంగుల చేపలు వచ్చి నా మాస్కులోకి తొంగి చూసి, పనికొచ్చే మనిషి కాదని పోయాయి.

మూడో రోజు పాఠం, గాలి అయిపోయినట్టు నటించడం. నేను మెడ మీద చెయ్యి అడ్డంగా ఆడించి సైగ చేశాను. ఎదురుగా మోకాళ్ల మీద వున్న మా మేనకోడలు, గురువుగారి అనుమతితో ఆ పూట నాకు జోడీ, చటుక్కున పచ్చ మూతి తీసి అందించింది. నాది వదిలేసి అది నోట్లో పెట్టుకుని ఊదాను, పీల్చాను. గాలి వచ్చింది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, ఒకే సీసాలో గాలి పీలుస్తూ మెల్లగా పైకి వచ్చాము. మాస్కులో నీళ్లు చేరాయి. మాస్కు కారలేదు, నాకు తెలుసు.

దక్షిణ కొరియాలో జెజు అనే దీవి వుంది. అక్కడి హెన్యో అనే స్త్రీలు, చాలామంది అవ్వల వయసువాళ్లే, సిలిండరు లేకుండా ఒక్క ఊపిరితో మునిగి నత్తలు, నాచు తెచ్చి సంసారాలు నడుపుతారు. వాళ్ల సంప్రదాయాన్ని 2016లో యునెస్కో గుర్తించింది. నడుముకు సీసం కట్టుకుంటారు, ఆనుకుని సేద తీరడానికి ఒక బుడగ తేలేస్తారు. వెనకటి రోజుల్లో ఆ బుడగ ఏమిటో తెలుసా? ఎండిన ఆనపకాయ బుర్ర! బాపు నాకు కట్టినదే. వాళ్లు కూడా ఒంటరిగా పోరు, గుంపుగా పోతారు, ఒకరినొకరు కనిపెట్టుకుంటారు. తేలిక సామాను ఎలా వుండాలో ఆ అవ్వలను అడగాలి.

తిరుగు ప్రయాణానికి రెండు మాటలు. రోజుల తరబడి మునిగాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల వ్యవధి వుండాలి. ఒంట్లో కరిగిన నత్రజని నెమ్మదిగా పోవాలి గనుక. ఆ వ్యవధి సామానుకూ మేలే. అన్నింటినీ మంచినీళ్లలో జాడించి, నీడలో ఆరబెట్టాలి. తడి సూటు పెట్టెలో వేస్తే తూకం ఎంతో పెరుగుతుంది, పైగా వాసన. ఎండలో వేస్తే రబ్బరు పెళుసవుతుంది. మేము ఆరబెట్టి తూచుకుంటే వెళ్లినప్పటికంటే కిలో తక్కువ. సకినాలు అయిపోయాయి కదా. డబ్బా గురువుగారికి ఇచ్చి వచ్చాము.

విమానం దిగగానే ఇంటికి ఫోను చేశాను. చేపలు ఎలా వున్నాయనీ, తిండి దొరికిందా అనీ అమ్మ అడగలేదు.

“ఆ పచ్చది అక్కరపడ్డదా?” అంది.

“పాఠంల పడ్డదమ్మా. నిజంగ పడలేదు.”

“పడకపోవుడే మంచిది బిడ్డా,” అంది. కాసేపాగి, “అయినా ఎప్పుడు వోయినా అది పెట్టుకొనే పోండ్రి,” అంది.

మళ్లీ ఏడాది వెళ్లడానికి అంతకంటే వేరే అనుమతి మాకక్కర్లేదు.